తగ్గిందని కొనేద్దామా... ఆగి చూద్దామా?

‘నిరుడు అరవై వేలు... ఇప్పుడు ముప్ఫై అయిదు వేలే! స్టాకు ఉన్నంతవరకే!’

దసరా దగ్గరపడిందంటే ఏ షాపు ముందు చూసినా, ఏ యాప్ తెరిచినా ఇదే పిలుపు. చూడగానే చెయ్యి జేబులోకి వెళ్తుంది. అంతలోనే ఓ అనుమానం. ‘ఇంత తగ్గించారంటే ఏదో ఉండే ఉంటుంది. ఇంకో రెండు నెలలు ఆగితే ఇంకా తగ్గుతుందేమో! ఇంకాస్త వేస్తే కొత్త మోడలే వస్తుందేమో!’ ఇంట్లో చర్చ మొదలవుతుంది. ‘కెమెరా అదిరిపోతుంది నాన్నా, కొనేద్దాం’ అంటాడు కాలేజీకెళ్లే అబ్బాయి. ‘ఉన్నది బాగానే పనిచేస్తోందిగా’ అంటుంది అమ్మ. ‘పాత మోడల్ ఎందుకురా, కొత్తది వచ్చాక చూద్దాం’ అంటాడు నాన్న.

ముగ్గురి మాటల్లోనూ నిజముంది. ఎప్పుడు ఎవరి మాట వినాలన్నదే తేల్చుకోవాలి. అందుకు చూడాల్సింది ధర ఎంత తగ్గిందన్నది కాదు... ఆ ఫోనుకి ఇంకా ఎన్నేళ్ల ఆయుష్షు మిగిలిందన్నది!

అప్పట్లో ఈ బాధ లేదు

నోకియా 1100 గుర్తుందా? 2003లో వచ్చింది. టార్చిలైటు, దుమ్ము చొరబడని కీప్యాడ్... ప్రపంచవ్యాప్తంగా పాతిక కోట్లకు పైగా అమ్ముడైంది. దాన్ని వచ్చిన రోజునే కొన్నా, నాలుగేళ్ల తర్వాత కొన్నా తేడా లేదు. కాల్ కలిసేది, ఎస్సెమ్మెస్ వెళ్లేది. కాబట్టి అప్పట్లో ధర తగ్గాక కొన్నవాడే తెలివైనవాడు.

ఇప్పటి ఫోను అలా కాదు. అది వస్తువు మాత్రమే కాదు, కంపెనీ ఏళ్ల తరబడి అందించాల్సిన సేవ కూడా. ఆండ్రాయిడ్ అయినా, ఐఫోన్ అయినా లోపలి సాఫ్ట్‌వేర్‌లో లోపాలు బయటపడుతూనే ఉంటాయి. వాటిని దొంగలు వాడుకోకముందే కంపెనీ పూడ్చాలి. అదే సెక్యూరిటీ అప్‌డేట్. ఎప్పటికప్పుడు ‘అప్‌డేట్ సిద్ధంగా ఉంది’ అంటూ వచ్చే సందేశం వెనకున్న సంగతి ఇదే.

2016లో యూపీఐ వచ్చాక ఫోనే పర్సయింది. బ్యాంకు ఖాతా, ఓటీపీలు, ఆధార్, పిల్లల ఫొటోలు... అన్నీ అందులోనే. అలాంటి పెట్టెకి తాళం బాగుచేసేవాడు రావడం మానేస్తే? ఫోను మర్నాడే ఆగిపోదు. కాల్స్ వెళ్తాయి, పాటలు మోగుతాయి. కానీ కొత్తగా బయటపడే ప్రతి లోపమూ అలాగే తెరిచి ఉండిపోతుంది. తర్వాత ఒక్కో యాప్ ‘మీ ఫోనులో పనిచేయను’ అనడం మొదలుపెడుతుంది. వాట్సాప్‌నే తీసుకోండి. 2023 అక్టోబరులో కొన్ని పాత ఆండ్రాయిడ్ వెర్షన్లకు గుడ్‌బై చెప్పింది. 2025 జనవరిలో ఆండ్రాయిడ్ కిట్‌క్యాట్‌నీ, అదే ఏడాది మేలో కొన్ని పాత ఐఫోన్లనూ వదిలేసింది.

లెక్క మొదలయ్యేది బిల్లు రోజు నుంచి కాదు!

కొనేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. వారంటీ మనం కొన్న రోజు నుంచి మొదలవుతుంది. అప్‌డేట్ల గడువు మాత్రం సాధారణంగా ఆ మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచే నడుస్తుంది. మందుల షాపులో సగం ధరకి మాత్రలిస్తే, ముందు గడువు తేదీ చూస్తాం కదా! ఫోనుకీ అలాంటి తేదీ ఉంది. డబ్బా మీద వేయరు, అంతే.

రెండు ఉదాహరణలు చూడండి. గూగుల్ పిక్సెల్ 7 వచ్చింది 2022 అక్టోబరులో. దానికి అయిదేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు, అంటే 2027 అక్టోబరు దాకా. సరిగ్గా ఏడాది తర్వాత వచ్చిన పిక్సెల్ 8కి కంపెనీ ఏడేళ్ల మాట ఇచ్చింది. అంటే 2030 అక్టోబరు. మోడళ్ల మధ్య తేడా ఒక్క ఏడాదే... ఆయుష్షులో తేడా మూడేళ్లు!

సామ్‌సంగ్‌దీ ఇదే కథ. 2023 ఫిబ్రవరిలో వచ్చిన గెలాక్సీ ఎస్23కి అయిదేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు. 2024 జనవరిలో వచ్చిన ఎస్24కి ఏడేళ్లు.

ఇప్పుడు చిన్న లెక్క. 2026 ఫిబ్రవరిలో షాపుకెళ్లారనుకుందాం. ఎస్23ని రూ.36 వేలకి, ఎస్24ని రూ.45 వేలకి ఇస్తున్నారనుకుందాం (ధరలు లెక్క కోసం అనుకున్నవే). చూడగానే ఎస్23 తొమ్మిది వేలు చవక. కానీ దానికి మిగిలింది రెండేళ్లు. 36 వేలని రెండుతో భాగిస్తే ఏడాదికి 18 వేలు. ఎస్24కి మిగిలింది దాదాపు అయిదేళ్లు. 45 వేలని అయిదుతో భాగిస్తే ఏడాదికి 9 వేలు. చవక అనుకున్నదే రెట్టింపు ఖరీదైంది!

ఏ ఫోనుకైనా ఈ ఒక్క భాగహారం చేస్తే చాలు, సగం గందరగోళం తీరిపోతుంది. చెల్లించే ధరని, మిగిలిన అప్‌డేట్ ఏళ్లతో భాగించాలి. మోడల్ ఎప్పుడు విడుదలైందో, ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తామన్నారో కంపెనీ వెబ్‌సైట్‌లోనో, విడుదలప్పటి వార్తల్లోనో దొరుకుతుంది. షాపులో కుర్రాడు ‘అప్‌డేట్లు వస్తాయి సార్’ అంటే సరిపోదు. ‘ఏ ఏడాది, ఏ నెల దాకా?’ అని అడగాలి.

ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ఈ అప్‌డేట్ల గడువును మోడల్ విడుదలైన రోజు నుంచి కాకుండా, దాన్ని మార్కెట్లోకి పంపడం ఆపిన రోజు నుంచి అయిదేళ్లుగా లెక్కిస్తుంది. చివర్లో కొన్నవాడూ నష్టపోకూడదని! మనం మాత్రం లెక్క మనమే చూసుకోవాలి.

ఊరికే తగ్గించరు మరి!

కొత్త మోడల్ వచ్చేలోపు పాత స్టాకు కదలాలి. అదే తగ్గింపుకి అసలు కారణం. కాబట్టి కొత్త మోడల్ ఎప్పుడొస్తుందో తెలిస్తే, ధర ఎప్పుడు దిగుతుందో కూడా ఇంచుమించు తెలిసినట్లే.

ఇందులో అందరికంటే క్రమం తప్పనిది ఐఫోన్. ఏటా సెప్టెంబరులో కొత్తది రావడం ఆనవాయితీ. 2020లో మాత్రం అక్టోబరుకి జరిగింది. 2021లో ఐఫోన్ 13, 2022లో 14, 2023లో 15, 2024లో 16... మామూలు మోడల్ నాలుగుసార్లూ మన దేశంలో రూ.79,900కే మొదలైంది. ఏడాది తిరిగి తర్వాతి మోడల్ రాగానే నాలుగుసార్లూ రూ.69,900కి దిగింది. అంటే ఆగస్టులో కొన్నవాళ్లు నెల ఆగనందుకు పదివేలు ఎక్కువ పెట్టినట్లు. ఆ వెనకే వచ్చే పండగ సేల్స్‌లో బ్యాంకు కార్డుల తగ్గింపులు అదనం.

ఆగితే లాభం ఒక్కోసారి ధరలో కాదు, సరుకులో కనిపిస్తుంది. 2025 సెప్టెంబరులో వచ్చిన ఐఫోన్ 17 రూ.82,900కి మొదలైంది. ముందటి ఏడాది ఐఫోన్ 16 ప్రారంభ ధర కంటే మూడువేలు ఎక్కువే. కానీ అందులో స్టోరేజీ 128 జీబీ నుంచి 256 జీబీ అయింది. పాతదే చాలనుకున్నవాళ్లకి ధర తగ్గింది. కొత్తది కావాలనుకున్నవాళ్లకి సరుకు పెరిగింది. ఏ రకంగా చూసినా ఆ ఒక్క నెల ఆగినవాళ్లదే గెలుపు.

పండగ సేల్స్‌దీ ఓ క్యాలెండరే. ఫ్లిప్‌కార్ట్ ‘బిగ్ బిలియన్ డేస్’ 2014 అక్టోబరులో మొదలైంది. అప్పటి నుంచీ దసరా, దీపావళి రోజులు ఫోన్లకి పెద్ద సీజన్ అయిపోయాయి. అయితే అక్కడ కొట్టివేసి చూపించే ధరని నమ్మి ‘సగానికి సగం తగ్గింది’ అనుకోకూడదు. కొట్టివేసింది డబ్బా మీదుండే ఎంఆర్‌పీ. అంతకుముందు వారం అదే ఫోను ఎంతకి అమ్మిందన్నదే అసలు ధర. నచ్చిన ఫోను ధరని రెండు మూడు వారాల ముందు నుంచే ఓ కాగితం మీద రాసి పెట్టుకుంటే, తగ్గింపు నిజమైనదో కాదో మీకే తెలుస్తుంది.

ఆగడానికీ ఓ హద్దుంది

అయితే ‘ఇంకొంచెం ఆగుదాం’ అనే మాటకి అంతుండదు. రేపు వచ్చేదాని కోసం ఇవాళ్టిది ఆపుకొన్న కొనుగోలుదారులు ఓ కంపెనీనే ముంచిన కథ ఒకటుంది.

అమెరికాలో ఆడమ్ ఓస్‌బర్న్ అనే ఆయన 1981లో ‘ఓస్‌బర్న్ 1’ అనే కంప్యూటర్ తెచ్చాడు. ఎక్కడికంటే అక్కడికి పట్టుకుపోగలిగే తొలి తరం కంప్యూటర్లలో అదొకటి. బరువు పదకొండు కిలోలు! బాగా అమ్ముడైంది. ఇంతకంటే మంచి మోడళ్లు రాబోతున్నాయని ఆయన ముందే చెప్పేశాడు. అంతే, ‘అయితే అవే కొందాం’ అని జనం ఆగిపోయారు. చేతిలో ఉన్న స్టాకు కదల్లేదు, కొత్తవి సమయానికి రాలేదు. 1983 సెప్టెంబరులో కంపెనీ దివాలా తీసింది. పతనానికి ఇతర కారణాలూ ఉన్నాయంటారు కానీ, వ్యాపార పాఠాల్లో దీనికి ‘ఓస్‌బర్న్ ఎఫెక్ట్’ అన్న పేరే స్థిరపడిపోయింది. అన్నట్టు, ఆయన బాల్యం గడిచింది మన పక్క రాష్ట్రం తమిళనాడులోనే. 2003లో కన్నుమూసిందీ అక్కడి కొడైకెనాల్‌లోనే.

కంపెనీకి నష్టం సరే... ఆగిన మనకేమిటి నష్టం? ముందుగా, ఆగితే తగ్గుతుందన్న హామీ లేదు. ఫోన్ల మీద జీఎస్టీ 2020 ఏప్రిల్ 1న 12 నుంచి 18 శాతానికి పెరిగింది. ఆ మార్చిలో ఆగినవాళ్లు ఏప్రిల్‌లో ఎక్కువ కట్టారు. 2025లో జీఎస్టీ శ్లాబులు మారినప్పుడు టీవీలూ, ఏసీలూ తగ్గాయి కానీ ఫోన్లు 18 శాతంలోనే ఉండిపోయాయి. తగ్గుతాయని ఎదురుచూసినవాళ్లకి నిరాశే మిగిలింది. అదే ఏడాది చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ చిప్‌ల ధరలు భగ్గుమన్నాయి. ఫోను తయారీలో చిప్‌ల వాటా పెద్దది కాబట్టి, ఆ సెగ ఫోన్ల ధరలకీ తగలక తప్పదు.

రెండోది, చేతిలో ఉన్న ఫోను స్థితి. స్క్రీను పగిలి, మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోయి, అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయిన ఫోనుతో బ్యాంకు పనులు చేస్తూ ఆర్నెల్లు లాగడం పొదుపు కాదు. ఆర్నెల్లు ఆగితే మూడువేలు మిగులుతాయంటే నెలకి అయిదొందలు. ఆ అయిదొందల కోసం అంత ఇబ్బంది పడాలా అన్నది ఎవరికి వారే తేల్చుకోవాలి.

కాబట్టి సూత్రం ఒకటే... తేదీ ఉంటే ఆగండి. ‘వచ్చే నెల కొత్త మోడల్ వస్తోంది’, ‘మూడు వారాల్లో పండగ సేల్ ఉంది’ అంటే ఆగడంలో అర్థముంది. ‘ఎప్పుడో ఏదో తగ్గుతుందట’ అంటే మాత్రం ఆ ఎదురుచూపు తెగదు.

పాతదే మేలు... ఎప్పుడంటే!

నిరుటి ఫోను అనగానే ముఖం చిట్లించాల్సిన పని లేదు. నిజానికి చాలా ఇళ్లకి అదే సరైన బేరం. ఒక ఏడాది మోడల్‌కీ తర్వాతి ఏడాది మోడల్‌కీ మధ్య కంటికి కనిపించే తేడా చాలాసార్లు తక్కువే. అదే డబ్బుకి వచ్చే కొత్త మధ్యస్థాయి ఫోను కంటే, నిరుటి ఖరీదైన ఫోనులో కెమెరా, ప్రాసెసర్, స్క్రీను మెరుగ్గా ఉండే అవకాశమే ఎక్కువ. ఏడేళ్ల మాట ఇచ్చిన మోడల్ ఏడాది పాతదైనా ఇంకా ఆరేళ్లు చేతిలో ఉన్నట్లే. ధర మూడోవంతు తగ్గి, ఆయుష్షు ఏడోవంతే తగ్గితే... అంతకంటే ఏం కావాలి!

బేరం చెడేది రెండు మూడేళ్లు దాటిన మోడళ్ల దగ్గరే. అక్కడ ధర తగ్గిన దానికంటే ఆయుష్షు ఎక్కువ తగ్గి ఉంటుంది.

ఇంట్లో ఎవరి కోసం కొంటున్నామన్నదీ ముఖ్యమే. ఫొటోలూ వీడియోలూ తీసుకునే అబ్బాయికి నిరుటి ఖరీదైన ఫోను మంచిది. వాట్సాప్‌లో మనవళ్లని చూసుకుంటూ, పింఛను ఎస్సెమ్మెస్ చదువుకునే తాతయ్యకి అంత కెమెరా ఎందుకు? ఆయన ఫోను తరచూ మార్చరు కాబట్టి ఎక్కువ కాలం అప్‌డేట్లు వచ్చే చవకైన కొత్త ఫోనే మేలు. 2024లో వచ్చిన సామ్‌సంగ్ గెలాక్సీ ఎ16 5జీ లాంటి తక్కువ ధర ఫోనుకే కంపెనీ ఆరేళ్ల అప్‌డేట్లు ఇస్తామంది. మోసగాళ్లు ముందు వలేసేది పెద్దవాళ్లకే. వాళ్ల చేతికి గడువు తీరిన ఫోను ఇచ్చి ‘నాన్నకి ఇది చాలులే’ అనుకోవడం తగదు.

సీలు తీయకున్నా వయసు ఆగదు

డబ్బా సీలు కూడా తీయలేదు, లోపల అంతా కొత్తదే అనుకుంటాం. కానీ లిథియం బ్యాటరీ వాడకపోయినా మెల్లగా పాతబడుతుంది. చార్జింగ్ పూర్తిగా అయిపోయి నెలల తరబడి పడి ఉంటే ఇంకా త్వరగా దెబ్బతింటుంది. అందుకే డబ్బా మీద తయారైన నెల, సంవత్సరం చూడాలి. ప్యాకేజీ వస్తువుల నిబంధనల ప్రకారం ఆ వివరం ఇవ్వాల్సిందే. ఒకే మోడల్‌లోనూ ఆర్నెల్ల కిందట తయారైందీ ఉండొచ్చు, రెండేళ్ల కిందటిదీ ఉండొచ్చు.

బ్యాటరీల్లోనూ తరాల తేడా ఉంది. పూర్తిగా 500 సార్లు చార్జ్ చేసినా 80 శాతం సామర్థ్యం నిలిచేలా ఐఫోన్ 14, అంతకుముందు మోడళ్ల బ్యాటరీలని రూపొందించామని ఆపిల్ చెబుతోంది. ఐఫోన్ 15 నుంచి ఆ లెక్క వెయ్యి సార్లు. మోడల్ మరీ పాతదైతే ఒకటి రెండేళ్లలో బ్యాటరీ మార్పించాల్సి రావచ్చు. ఆ ఖర్చుని ఇప్పుడే ధరకి కలిపి చూసుకోవాలి. మీ ఊళ్లోనో, పక్క పట్నంలోనో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఉందో లేదో కూడా.

వాయిదాల్లో దాగిన వడ్డీ

‘వడ్డీ లేని ఈఎంఐ’ అనగానే ముప్ఫై వేల బడ్జెట్ కాస్తా యాభై వేలవుతుంది. సున్నా వడ్డీ అన్నదే లేదనీ, ఆ వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలోనో మరోలానో వసూలు చేస్తుంటారనీ రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకి రాసిన సర్క్యులర్‌లో చెప్పింది. కాబట్టి ఒకేసారి డబ్బు కట్టేవారికి ఎంతకిస్తారో ముందు అడగండి. ఆ ధరకీ, వాయిదాలన్నీ కలిపితే వచ్చే మొత్తానికీ తేడానే మీరు కట్టే వడ్డీ. ఫోను ఆయుష్షు రెండేళ్లే ఉంటే రెండేళ్ల వాయిదాలు అసలే వద్దు. అప్పు తీరేసరికి ఫోను గడువూ తీరిపోతుంది!

ఎక్స్ఛేంజ్ దగ్గర ‘కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి’ అన్న సామెత గుర్తురాక మానదు. పాత ఫోనుకి ఎక్కువిస్తున్నారంటే కొత్తదాని ధర అక్కడ ఎక్కువేమో చూడాలి. ఇచ్చేముందు ఫోనులోని ఖాతాలన్నీ తీసేసి, మొత్తం చెరిపేయడం మరవద్దు.

డబ్బు కట్టేముందు...

* మోడల్ విడుదలైన నెల, అప్‌డేట్లు ఆగే నెల... రెండూ తెలుసుకోండి. రెండేళ్లకంటే తక్కువ మిగిలి ఉంటే ఎంత తగ్గించినా ఆలోచించాల్సిందే.

* మన దేశంలో 5జీ 2022 అక్టోబరు 1న మొదలైంది. అంతకుముందు వచ్చిన తొలి 5జీ ఫోన్లలో కొన్నిటికి ఒకటి రెండు బ్యాండ్లే ఉండేవి. జియోది ‘స్టాండలోన్’ పద్ధతి. మీ సిమ్‌తో ఆ ఫోనులో 5జీ వస్తుందో లేదో షాపులోనే చూసుకోవాలి.

* హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్ లాంటి చోట్ల వాడిన ఫోను కొంటుంటే *#06# నొక్కి ఐఎంఈఐ నంబరు చూడండి. కేవైఎం అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి ఆ నంబరు రాసి 14422కి ఎస్సెమ్మెస్ పంపితే ఫోను వివరాలొస్తాయి. అది దొంగిలించినదిగా నమోదై ఉంటే వదిలేయండి.

* ఐఎంఈఐ నంబరు రాసిన జీఎస్టీ బిల్లు తప్పనిసరి. బిల్లు లేకుండా ఇంకో వెయ్యి తగ్గిస్తామంటే ఆ వెయ్యితో పాటు వారంటీ కూడా పోయినట్లే.

* కొన్నాక ఇబ్బంది వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయొచ్చు.

ఇంతా చేసి చివరికి అమ్మ అన్న మాట మిగిలింది... ‘ఉన్నది బాగానే పనిచేస్తోందిగా!’ ఆ ఫోనుకి అప్‌డేట్లు ఇంకా వస్తుంటే, బ్యాటరీ ఒక్కటే నీరసించి ఉంటే, దాన్ని మార్పిస్తే చాలు... ఇంకో ఏడాదో రెండేళ్లో హాయిగా నడుస్తుంది. ఈలోగా ఇవాళ్టి ఖరీదైన ఫోనే నిరుటి మోడలై, తగ్గింపు ధరకి దిగివస్తుంది. అప్పుడు మళ్లీ అదే భాగహారం చేసుకోవచ్చు!